ఊరి మాట బడి ప్రణాళికలోకి ఎక్కాలంటే

జిల్లా విద్యా ప్రణాళికకు ప్రజల అభిప్రాయం తీసుకున్నామని చూపించే ఫైళ్లలో తరచూ ఉండేవి సంతకాల షీటు, సమావేశం ఫొటో, తీర్మానం నకలు. ఆ రోజు ఎవరు ఏమన్నారు, ఆ మాట ఏ పద్దు కిందికి వెళ్లింది, వెళ్లకపోతే ఎందుకు వెళ్లలేదు అన్నది మాత్రం ఫైలంతా తిరగేసినా కనపడదు. చెప్పిన ప్రతి మాటకూ ప్రణాళికలో ఒక చోటైనా దొరకాలి, లేదా కాదనడానికి ఒక కారణమైనా దొరకాలి. అప్పుడే దాన్ని అభిప్రాయ సేకరణ అనాలని నా గట్టి నమ్మకం. ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల బడులను దృష్టిలో పెట్టుకుని ఆ పని ఎలా జరగాలో రాస్తున్నాను. హెచ్చెమ్‌లకు (ప్రధానోపాధ్యాయులకు), సీఆర్పీలకు (క్లస్టర్ రిసోర్స్ పర్సన్లకు), ఎంఈఓ (మండల విద్యాధికారి) కార్యాలయాల్లో ప్రణాళిక రాసేవాళ్లకు, ఎస్ఎంసీలో (పాఠశాల యాజమాన్య కమిటీలో) ఉన్న తల్లిదండ్రులకు ఇది పనికొస్తుంది.

ముందు చట్టం సంగతి. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేసే బాధ్యతను 22వ సెక్షన్ ఆ కమిటీకే ఇచ్చింది. ప్రభుత్వం వేసే ప్రణాళికలకు, ఇచ్చే నిధులకు ఆ కాగితమే ఆధారం కావాలని కూడా అదే సెక్షన్‌లో ఉంది. ఈ రెండో వాక్యాన్ని చాలామంది చదవరు. అంటే ఊరివాళ్లను అడగడం మనం చూపించే మర్యాద కాదు, చట్టం పెట్టిన పని. కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల ప్రకారం అది మూడేళ్ల ప్రణాళిక, అందులో ఏడాదికొకటి చొప్పున మూడు ఉపప్రణాళికలు. తరగతులవారీగా పిల్లల అంచనా, అదనంగా కావలసిన ఉపాధ్యాయులు, గదులు, సామగ్రి, డబ్బు అందులో ఉండాలి. ఆర్థిక సంవత్సరం ముగియడానికి కనీసం మూడు నెలల ముందే తయారవ్వాలి.

మూడు నెలల ముందంటే డిసెంబరు ఆఖరు. కాబట్టి అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకోవాలి. బడుల వివరాలు ఏటా సేకరించే యూడైస్ లెక్కలకు సెప్టెంబరు 30 ప్రామాణిక తేదీ. అక్టోబరు, నవంబరుల్లో ఊళ్లు తిరిగి వినాలి. డిసెంబరు మొదటి రెండు వారాల్లో విన్నవాటిని వేరుచేసి, చివరి రెండు వారాల్లో కమిటీ ముందు పెట్టి సంతకాలు చేయించాలి. జనవరిలో మండలాల నుంచి జిల్లాకు చేరితేనే బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం వార్షిక ప్రణాళికలో కలపడానికి వీలుంటుంది. ఫిబ్రవరిలో తీసుకున్న అభిప్రాయం ఎంత విలువైనదైనా ఆ ఏడాదికి ఉపయోగపడదు. ఇది తెలిసి కూడా ఆఖరి నిమిషంలో సభలు పెట్టడం దగ్గరే సగం పని చెడిపోతోంది.

ఏ నెలలో ఏం అడగాలన్నది మన జిల్లాల్లో ఇంకా పెద్ద విషయం. కోస్తా మండలాల్లో గట్టి వాన పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల్లో. తరగతి గది కురుస్తుందా, బడి ఆవరణలో నీళ్లు నిలుస్తాయా అని జూలైలో అడిగితే ముత్తుకూరులో అయినా ఇందుకూరుపేటలో అయినా పెద్దగా జవాబు రాదు. అదే ప్రశ్న నవంబరులో వేస్తే గోడ మీద చెమ్మ ఎంత ఎత్తు దాకా వచ్చిందో చేత్తో చూపిస్తారు. నీళ్ల ఎద్దడి గురించి అడగాల్సిన కాలం మార్చి, ఏప్రిల్. కనిగిరి, పొదిలి, దర్శి వైపు ఫ్లోరైడ్ నీళ్లున్న ఊళ్లలో బోరు పనిచేస్తోందా అని ఒక్కటే అడిగి ఊరుకోకూడదు. తాగే నీళ్లు క్యానులో కొంటున్నారా, పిల్లలు ఇంటి నుంచి సీసాలో తెచ్చుకుంటున్నారా, బడిలో ఆర్ఓ ప్లాంటు ఉంటే నీళ్లు వడపోసే మెంబ్రేన్ ఎప్పుడు మార్చారు అని విడివిడిగా అడగాలి. వేసవిలో తెలిసిన ఈ సంగతులను రిజిస్టరులో ఉంచుకుని డిసెంబరు ప్రణాళికలో కలుపుకోవాలి.

మనుషులు దొరికే కాలం కూడా ఊరికో తీరు. పశ్చిమాన మార్కాపురం, యర్రగొండపాలెం వైపు నుంచి మిరప కోతలకు గుంటూరు, పల్నాడు వెళ్లే కుటుంబాలు సంక్రాంతి దాటాక ఊళ్లో ఉండవు. వాళ్ల పిల్లల చదువే అక్కడి ప్రణాళికలో అన్నిటికంటే ముందు ఉండాల్సింది, కాబట్టి డిసెంబరు లోపే వాళ్ల మాట వినాలి. కొండపి, టంగుటూరు వైపు పొగాకు రెలుపులు (ఆకు కోతలు) మొదలయ్యాక పగటి పూట సభ పెడితే వచ్చేవాళ్లు పని లేనివాళ్లే. తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. తండ్రులు ఇంటి దగ్గర ఉండేది అప్పుడే, కానీ బడులకు వేసవి సెలవులు కూడా ఏప్రిల్ చివరి వారం నుంచే. ఆ మధ్య దొరికే వారం రోజులను పట్టపుపాలేల (మత్స్యకారుల ఊళ్ల) కోసం ఖాళీగా ఉంచుకోవాలి. ఏ ఊళ్లోనైనా ఉదయం 11 గంటలకు పిలిచే సభ కూలివాళ్లకు ఒక రోజు కూలి పోగొట్టే సభ. సాయంత్రం ఆరున్నరకు, కాలనీలోనే, గుడి అరుగు మీదో చెట్టు కిందో కూర్చుంటే వస్తారు.

జిల్లాలో ప్రతి బడికీ ఒక బృందం వెళ్లి లోతుగా వినడం కుదరదు, అవసరమూ లేదు. ప్రతి బడిలో కమిటీ తన వంతు తాను చేస్తుంది. జిల్లా స్థాయిలో ఒక 30 బడులను ఎంచుకుంటే చాలు. ఎంపిక మాత్రం జాగ్రత్తగా జరగాలి. తీరం, డెల్టా మాగాణి, మెట్ట, అడవి అంచు, పట్టణం అని ముందు ప్రాంతాలను విడదీయాలి. ఒక్కో దానిలో ప్రాథమిక, ప్రాథమికోన్నత, ఉన్నత పాఠశాలలు వచ్చేలా చూడాలి. ఆ పైన చీటీలు వేసి తీయాలి. రోడ్డు పక్క బడి, అధికారులకు అలవాటైన బడి మళ్లీ మళ్లీ రాకుండా కాపాడేది ఆ చీటీయే.

ఒక్కో బడి దగ్గర నాలుగు కూర్పులు, అంటే కొద్దిమందిని కూర్చోబెట్టి వినే చిన్న సమావేశాలు, పెట్టాలి. తల్లులు ఒకచోట, 6 నుంచి 9 తరగతుల పిల్లలు ఒకచోట (ప్రాథమిక బడి అయితే 4, 5 తరగతుల వాళ్లు), వంట చేసేవాళ్లూ ఆయాలూ ఒకచోట, బడికి అన్నిటికంటే దూరంగా ఉన్న కాలనీ వాళ్లు వాళ్ల కాలనీలో. తండ్రులు వస్తామంటే వాళ్లకు వేరే కూర్పు పెట్టవచ్చు కానీ తల్లులతో కలపకూడదు. కూర్పుకు 8 నుంచి 10 మంది, గంటా గంటంబావు. 30 బడులకు 120 కూర్పులు అవుతాయి. ఇద్దరిద్దరు చొప్పున మూడు జట్లు, జట్టుకు రోజుకు రెండు కూర్పులు అనుకుంటే 20 పనిదినాల్లో అయిపోతుంది. ఇద్దరిలో ఒకరు అడగాలి, ఒకరు రాయాలి. ఒక్కరే రెండూ చేస్తే రాతలో సగం పోతుంది. ఆ ఊరి బడిలో పనిచేసేవాళ్లు ఆ కూర్పులో ఉండకూడదు. హెచ్చెమ్ గారు గుమ్మంలో నిలబడి ఉన్నా సరే, "అంతా బాగుంది సార్" తప్ప ఇంకో మాట రాదు. పిల్లల చదువుకు ప్రభుత్వం తల్లులకిచ్చే తల్లికి వందనం డబ్బులు ఆగిపోతాయేమో, పిల్లాడిని టీచరు చిన్నచూపు చూస్తారేమో అన్న భయం నిజమైనది. దాన్ని తేలిగ్గా తీసుకోకుండా మొదటి నిమిషంలోనే, పేర్లు రాసుకోబోమని, పథకాలకూ దీనికీ సంబంధం లేదని చెప్పాలి, చెప్పినట్టే పేర్లు రాయకుండా ఉండాలి.

ఈ పిలుపుల్లో తప్పిపోయే మనుషుల్లో ముఖ్యమైనవాళ్లు రెండు రకాలు. ఒకరు గిరిజనులైన యానాదుల కాలనీల్లో, చెరువుల కాడ గుడిసెల్లో ఉండేవాళ్లు. ఆధార్, జనన ధ్రువపత్రం లేక పేరే నమోదు కాని పిల్లలు అక్కడ ఉంటారు కాబట్టి బడి రిజిస్టరు చూసి తల్లిదండ్రులను పిలిస్తే వీళ్లు ఎప్పటికీ ఆ పిలుపులో ఉండరు. ఇంకొకరు పిల్లలను కాన్వెంటుకు మార్పించిన తల్లిదండ్రులు. "వాళ్లు వెళ్లిపోయారుగా, వాళ్లనెందుకు అడగడం" అనుకుంటాం. బడి గురించి అన్నిటికంటే ఉపయోగపడే మాట వాళ్ల దగ్గరే ఉంటుంది. టీసీ రిజిస్టరులో గత మూడేళ్లు తీసి, ఏ తరగతి తర్వాత, ఏ నెలలో ఎక్కువ మంది వెళ్లారో చూసుకుని, పదిమంది ఇళ్లకు వెళ్లాలి. ఇంగ్లీషు మీడియం కోసమేనని పైకి చెప్పినా, కాసేపు కూర్చుంటే ఐదు తరగతులకు ఒక్కరే టీచరు ఉన్న సంగతో, నాలుగేళ్ల పాపను తీసుకోలేదన్న సంగతో, వ్యాను ఇంటి ముందుకు వస్తుందన్న సంగతో బయటికొస్తుంది. మూడూ వేర్వేరు రోగాలు. వాటికి ప్రణాళికలో వేర్వేరు మందులు రాయాలి.

ఫోనులో ఫారం పంపి ఊరుకునే పద్ధతి మీద నాకు నమ్మకం లేదు. ఫోను ఎక్కువగా మగవాళ్ల దగ్గర ఉంటుంది, నింపేవాళ్లు ఎక్కువగా పట్టణాల వాళ్లు. వెయ్యి జవాబుల్లో ఎనిమిది వందలు ఒంగోలు, నెల్లూరు, కావలి నుంచి వచ్చాయనుకోండి, మొత్తం శాతాలు తీస్తే అది పట్టణాల అభిప్రాయమే అవుతుంది. ఫారం వాడితే ముందు బడివారీగా లెక్క తీసి, ప్రతి బడికీ సమాన బరువు ఇచ్చి, ఆ తర్వాతే జిల్లా అంకె చెప్పాలి.

ఇక ప్రశ్నలు. "బడి బాగుందా?", "మీ సూచనలేమిటి?" అన్న రెండు ప్రశ్నలూ తీసేయాలి. మొన్న జరిగిన సంగతి అడిగితే ఎవరైనా చెప్పగలరు. నిన్న మీ పాప బడిలో నీళ్లు ఎక్కడ తాగింది? బాత్రూముకు బడిలోనే వెళ్లిందా, ఇంటికొచ్చిందాకా ఆపుకుందా? పోయిన వారంలో బడి ఎన్ని రోజులు మానేశాడు, ఎందుకని? పాఠం అర్థం కాకపోతే ఇంట్లో ఎవరిని అడుగుతాడు? మధ్యాహ్నం అన్నం ఎన్ని రోజులు తిన్నాడు, ఏ రోజు తినడు? ఆరేడు ప్రశ్నలకు మించకూడదు. జవాబులను మన భాషలోకి మార్చకుండా వాళ్ల మాటల్లోనే రాయాలి. "ఆడ బాత్రూముకు తాళం ఏసుంటది సార్" అన్నదాన్ని "పారిశుధ్య సౌకర్యాల కొరత" అని రాసుకుంటే, అసలు సమస్య ఆ క్షణమే పోతుంది.

ఆ బాత్రూము మాట దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే ప్రణాళికల్లో డబ్బు అక్కరకు రాకుండా పోయే చోటు ఇదే. "బాత్రూములు కట్టించండి" అని చాలా ఊళ్లలో అంటారు. అది విని మరుగుదొడ్ల బ్లాకు ఒకటి అని ప్రతిపాదన పంపేస్తారు. కానీ 2019 నవంబరు 14న ఒంగోలులోనే మొదలైన నాడు-నేడు (ప్రభుత్వ బడుల మరమ్మతుల పథకం) పనుల్లో మొదటి అంశం నీటి వసతితో మరుగుదొడ్లు. ఆ పనులు పూర్తయిన బడిలో గదులు లేకపోవడం అరుదు, తాళం వేసి ఉండటం ఎక్కువ. తాళం ఎందుకు వేశారని అడగాలి. నీళ్లు రావడం లేదంటారు. ఎందుకు రావడం లేదు? పైన ట్యాంకు నిండదు. ఎందుకు? మోటారు తిరగదు. ఇక్కడ ఆగకుండా ఎలక్ట్రీషియన్‌తో చూపించాలి. కెపాసిటర్ పోయి ఉంటే కొన్ని వందల్లో అయిపోతుంది. వైండింగ్ కాలి ఉంటే వేలల్లో అవుతుంది, కానీ ఎందుకు కాలిందో తెలియకుండా కట్టిస్తే మళ్లీ వేసవికి కాలుతుంది. లో వోల్టేజీ ఒక కారణం. బోరులో నీళ్లు అడుగంటినప్పుడు ఆపేవాళ్లు లేక మోటారు వట్టిగా తిరగడం ఇంకో కారణం. నీళ్లు లేనప్పుడు తనంతట తానే ఆగిపోయే స్టార్టరు బిగిస్తే రెండోది తప్పుతుంది. కొన్ని బడుల్లో నీళ్లూ మోటారూ బాగానే ఉంటాయి. ఆయా ఉదయం కడిగి వెళ్లాక మధ్యాహ్నం అన్నం వేళకు పాడైపోతాయి కాబట్టి తాళం వేస్తారు. అక్కడ కావలసింది రెండో పూట కడగడం, అంతే. ఒకే మాట వెనుక లక్షల పని, వేల పని, డబ్బే అక్కర్లేని పని దాగి ఉన్నాయి. ఎందుకు అని నాలుగైదు సార్లు అడగకుండా ప్రతిపాదన రాయకూడదు.

విన్న మాటలన్నీ ఒక రిజిస్టరులోకి ఎక్కాలి. ఒక మాటకు ఒక వరుస. ఏ బడి, ఏ కూర్పు, వాళ్ల మాట ఉన్నదున్నట్టు, వెనకున్న కారణం, తేల్చగలిగేది ఎవరు, జవాబు. చివరి రెండు గడులు ఖాళీగా ఉన్న వరుస ఒక్కటీ మిగలకూడదు. తేల్చేవాళ్లను బట్టి మాటలు మూడు దారుల్లో పోతాయి. బడిలోనే తేలేవి హెచ్చెమ్, కమిటీ చేతిలో ఉంటాయి. సమగ్ర శిక్ష కింద బడి నిర్వహణకిచ్చే కాంపోజిట్ గ్రాంటు 31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి ఏడాదికి 25,000 రూపాయలు, 101 నుంచి 250 మందికి 50,000, 251 నుంచి వెయ్యి మందికి 75,000. అందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకే ఖర్చు పెట్టాలి. మోటారు, కుళాయి, గొళ్లెం, ఫ్యాను రిపేరు లాంటివి ఇందులోనే తేలాలి, వాటిని జిల్లాకు పంపి ఏడాది ఆగడం అన్యాయం. రెండో దారి వేరే శాఖలది. బస్సు వేళకు ఆర్టీసీ డిపో, తాగునీటికి గ్రామీణ నీటి సరఫరా విభాగం, బడి ముందు మురుగు కాలవకు పంచాయతీ. వీటికి ప్రణాళికలో పద్దు ఉండదు, ఉత్తరం ఉంటుంది. ఆ ఉత్తరం తేదీ, నెంబరు రిజిస్టరులో ఉండాలి. మూడోది జిల్లాకో రాష్ట్రానికో పోవలసినవి: పోస్టులు, కొత్త గదులు, బడుల విలీనం, తల్లిదండ్రులు కోతలకు వెళ్లినప్పుడు పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునే సీజనల్ హాస్టళ్లు. ఉపాధ్యాయ పోస్టులు జిల్లా ఇవ్వగలిగినవి కావని ఊళ్లో మొదటే చెప్పేయడం మంచిది.

విలీనం గురించి ఒక మాట. "మా బడి తీసెయ్యొద్దు" అన్న వేడుకోలును అలాగే పైకి పంపితే దాన్ని భావోద్వేగంగా చూసి పక్కన పెడతారు. విద్యాహక్కు నియమాల్లో ఐదో తరగతి దాకా కిలోమీటరు, ఎనిమిది దాకా మూడు కిలోమీటర్లు అన్న లెక్క ఉంది కాబట్టి మనమూ కొలతతోనే మాట్లాడాలి. మ్యాపు మీద గీత కాకుండా పిల్లలు నడిచే దారి కొలవాలి. దారిలో 16వ నెంబరు జాతీయ రహదారి దాటాలా, కాలవ కట్ట మీద నడవాలా, వాన పడితే వాగు పొంగుతుందా రాయాలి. ఆ దారిన వెళ్లే ఏడేళ్లలోపు పిల్లలెందరో, తోడు వెళ్లే పెద్దవాళ్లున్నారో లేదో రాయాలి. ఒక తల్లి భయం ఆ నాలుగు వివరాలతో కలిస్తే అధికారి కాదనడానికి కూడా రాతపూర్వకంగా కారణం చూపాల్సి వస్తుంది.

ముందు ఏది, తర్వాత ఏది అన్నది తేల్చడానికి చింతగింజలు బాగా పనిచేస్తాయి. సమస్యలను బొమ్మలుగా కాగితాల మీద గీసి నేల మీద పరిచి, మనిషికి ఐదు గింజలిచ్చి, ఇష్టమైనట్టు పెట్టమనాలి. చదువు రానివాళ్లకూ ఇది సులువే. ఆడవాళ్ల గింజలు, మగవాళ్ల గింజలు, పిల్లల గింజలు వేరువేరుగా లెక్కించాలి. ప్రహరీ, గేటు మీద మగవాళ్ల గింజలు, నీళ్లు, బాత్రూము మీద ఆడపిల్లల గింజలు పడిన చోట కలిపి లెక్కవేస్తే ఆ తేడా మాయమవుతుంది. రెండు జాగ్రత్తలు. తాగునీరు, ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్డి, ర్యాంపు లాంటివి విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే ఉన్నాయి, వాటిని ఓటుకు పెట్టకూడదు. ఆరుగురు పిల్లలున్న కాలనీకి ఎప్పటికీ ఎక్కువ గింజలు రావు, కాబట్టి బడికి అసలు రాని పిల్లల సంగతి ఎన్ని గింజలొచ్చినా మొదటి పేజీలో ఉండాలి.

ప్రణాళికలో రాసే వాక్యం కూడా కొలిచేలా ఉండాలి. "వలస పిల్లల హాజరు మెరుగుపరచాలి" అంటే ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు. ఫలానా మండలంలో జనవరి నుంచి మార్చి దాకా 6, 7, 8 తరగతుల హాజరు నిరుడు ఎంత, దాన్ని ఎంతకు తేవాలి, డిసెంబరు 20 లోపు ఏ ఊళ్ల నుంచి ఎందరు పిల్లలు ఉండిపోవడానికి తల్లిదండ్రులు ఒప్పుకున్నారు, హాస్టల్ ఏ బడిలో, బాధ్యత ఎవరిది అని రాయాలి. సంక్రాంతి తర్వాత తెరిచిన సీజనల్ హాస్టల్‌కు పిల్లలు ఉండరు, వాళ్లు అప్పటికే కోతల దగ్గర ఉంటారు.

టీచరు మీద వ్యక్తిగత ఫిర్యాదులు వస్తే వాటిని ఈ రిజిస్టరులో రాయకూడదు, ఎంఈఓకు వేరుగా ఇవ్వాలి. ఇక పిల్లలను కొట్టడం, లైంగిక వేధింపు లాంటిది ఏ పిల్ల నోట వచ్చినా అది ప్రణాళిక విషయం కానే కాదు. అదే రోజు 1098కో పోలీసులకో చెప్పాలి. పిల్లలపై లైంగిక నేరాల గురించిన పోక్సో చట్టం ప్రకారం, లైంగిక వేధింపు సంగతి తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం నేరం. జట్లను ఊళ్లకు పంపే ముందే ఈ సంగతి నేర్పాలి.

చెప్పినవాళ్లకు తిరిగి చెప్పడం ఎక్కువగా వదిలేసే మెట్టు. కూర్పు జరిగిన 45 రోజుల్లోపు ఒక పెద్ద కాగితం బడి గోడకు, గ్రామ సచివాలయం గోడకు అంటించాలి. మీరు చెప్పింది, చేస్తున్నది, చేయలేనిది, ఎందుకని, ఎవరు, ఎప్పటికి. చేయలేనివి దాచకూడదు. "రెండో టీచరు పోస్టు ఈ ఏడాది రాదు, పిల్లల సంఖ్య ఇంత ఉంటేనే ఇస్తారు" అని సూటిగా రాస్తే జనం అర్థం చేసుకుంటారు. మౌనంగా ఉంటేనే రెండో ఏడాది సభకు రారు. అంటించి ఊరుకోకుండా అదే కాలనీకి వెళ్లి చదివి వినిపించాలి. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకోడానికి కూర్చున్న ఆడవాళ్ల మాటల్లోంచే సారా వ్యతిరేక ఉద్యమం లేచింది, 1993లో రాష్ట్రమంతటా సారా ఆగిపోయింది. ఇక్కడి తల్లులకు చెప్పడం రాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

బడులు తెరిచాక, జూలై ఆఖరులోనో ఆగస్టులోనో అదే కూర్పుల దగ్గరకు మళ్లీ వెళ్లి, గోడ మీది కాగితం చేత్తో పట్టుకుని ఒక్కో వరుస అడగాలి: ఇది అయిందా, సగమైందా, అసలు మొదలవలేదా? హెచ్చెమ్ పంపిన పూర్తయిన పనుల నివేదికకూ వీళ్ల జవాబుకూ తేడా వచ్చిన వరుసలను ఎర్ర సిరాతో గుర్తుపెట్టి, ఎంఈఓ స్వయంగా చూసి రావాలి. రిజిస్టరును బడి శాశ్వత రికార్డుల్లో చేర్చి, హెచ్చెమ్ బదిలీ అయినప్పుడు చార్జి జాబితాలో అడ్మిషన్ రిజిస్టరు కింద దాని పేరు కూడా రాయించాలి. కొత్తగా వచ్చినవాళ్లు మొదటి కమిటీ సమావేశంలో తేలకుండా మిగిలిన వరుసలను చదివి వినిపించి, వాటికి కొత్త గడువులు వేయాలి.